చేతికెంత, కంటికెంత, సీపీయూకెంత: ఇంట్లో ఆర్కేడ్ మెషీన్‌కు విడిభాగాల ఎంపిక

‘ముస్తఫా గేమ్’ అంటే బెజవాడ, గుంటూరుల్లో నలభైకి అటూ ఇటూ ఉన్నవాళ్లలో చాలామందికి వెంటనే గుర్తొస్తుంది. దాని అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్. జపాన్ కంపెనీ కాప్‌కామ్ 1993లో తెచ్చిన ఆట అది. అందులో మనం ఎంచుకోగల నలుగురిలో ఒకడు ముస్తఫా కైరో. మనవాళ్లు నోరు తిరగని ఆట పేరు వదిలేసి, అతని పేరే ఆటకు పెట్టేశారు. ఆ మెషీన్ బోర్డు మీదున్న ప్రధాన ప్రాసెసర్ వేగం 12 మెగాహెర్ట్జ్. ఇవాళ పాత సామాను కింద అమ్ముడుపోయే ఆఫీసు డెస్క్‌టాప్ 3,000 మెగాహెర్ట్జ్ దాటి నడుస్తుంది. వీడియో గేమ్ షాపుల్లో నిలబడి ఆడిన అలాంటి ఆర్కేడ్ మెషీన్‌ను ఇంట్లోనే కట్టుకుందామని, ఈ లెక్క చూసి ‘ఏ డబ్బా అయినా చాలు’ అని అటక మీది కంప్యూటర్ దించేవాళ్లున్నారు. ‘గేమింగ్ కదా’ అని గ్రాఫిక్స్ కార్డుకు పదిహేను వేలు పెట్టేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి లెక్కా తప్పుతుంది.

ఇంట్లో ఆర్కేడ్ మెషీన్ కట్టుకునేటప్పుడు డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది కంప్యూటర్ దగ్గరే. అందరూ మొదట అడిగేది ‘ఏ ప్రాసెసర్ కొనాలి’ అని. నిజానికి అది చివర్లో రావాల్సిన ప్రశ్న. ముందు ఆటల జాబితా రాసుకోవాలి, దాన్నిబట్టి తెర, ఆ తర్వాత స్టిక్కులు, బటన్లు చూసుకోవాలి. వీటన్నిటికీ సరిపోయే కంప్యూటర్‌ని ఆఖర్న వెతకాలి. చెక్క, కార్పెంటర్ కూలి పక్కన పెట్టి చేతిలో 20 వేలు ఉన్నాయనుకుందాం. కంప్యూటర్‌కు 8 వేలు దాటనివ్వకూడదు. చేతితో పట్టుకునే సరుకుకు, అంటే స్టిక్కులు, బటన్లు, వాటి బోర్డులకు 5, 6 వేలైనా ఉంచాలి. తెరకు 3 వేలు, మిగిలింది స్పీకర్లకు, ఫ్యాన్లకు, వైర్లకు. ఈ పంపకంలో కంప్యూటర్ వాటా పెంచితే కోతపడేది స్టిక్కులకే. మెషీన్ కట్టిన మూడో నెలకే దాన్ని ముట్టుకోవడం మానేయడానికి చాలాసార్లు కారణం ఆ కోతే.

జాబితా దగ్గరికి వద్దాం. స్పేస్ ఇన్వేడర్స్ (1978), ప్యాక్‌మ్యాన్ (1980), గాలగా, డాంకీ కాంగ్ (1981) ఒక తరం. స్ట్రీట్ ఫైటర్ 2 (1991), ముస్తఫా, మెటల్ స్లగ్ (1996), కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97 రెండో తరం. మన ఊళ్ల వీడియో గేమ్ షాపుల జ్ఞాపకాలన్నీ దాదాపు ఈ రెండో తరంలోనే ఉన్నాయి. ఈ రెండు తరాలకూ ఏ మాత్రం మంచి పాత కంప్యూటరైనా చాలు. మూడోది టెక్కెన్ 3 (1997) లాంటి త్రీడీ ఆటల తరం. టెక్కెన్ 3 బోర్డు ప్లేస్టేషన్ హార్డ్‌వేర్ ఆధారంగా చేసింది కాబట్టి దాని దాకా పర్వాలేదు. దానికన్నా బరువైన సెగా నయోమీ బోర్డు ఆటలు, మోడల్ 3 ఆటలు కావాలంటేనే ఖర్చు పెరుగుతుంది. జాబితాలో అలాంటివి రెండే ఉంటే, ఆ రెంటినీ కొట్టేసి మిగతా యాభై ఆటలను హాయిగా ఆడుకోవడం మేలు. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆటలు నడిపే ‘మేమ్’ ప్రోగ్రాం ఉచితమే, 1997 నుంచి ఉంది. ఆటల ఫైళ్లు మాత్రం కాపీరైట్ ఉన్న సరుకు. కాప్‌కామ్ తన పాత ఆటల్లో కొన్నిటిని పీసీకి అధికారికంగానే అమ్ముతోంది. ఇంటి మెషీన్‌కు నాణెం పెట్టె తగిలించి వ్యాపారం మొదలుపెడితే మాత్రం చట్టంతో చిక్కే.

12 మెగాహెర్ట్జ్ బోర్డుకు 3,000 మెగాహెర్ట్జ్ ఎందుకు కావాల్సి వస్తోంది? ‘మేమ్’ ఒక ఎమ్యులేటర్, అంటే పాత బోర్డు వేషం కట్టే ప్రోగ్రాం. అది ఆ ఒక్క ప్రాసెసర్‌గా నటిస్తే చాలదు. ముస్తఫా బోర్డులో ఆట నడిపే చిప్పు వేరు, సౌండుకు ఇంకో ప్రాసెసర్ వేరు, బొమ్మ గీసే చిప్పులు వేరు. ఇవన్నీ ఒకదాని అడుగులో ఒకటి అడుగు వేసుకుంటూ నడిచేవి. సౌండు చిప్పు ఒక అడుగు ముందుకెళ్లిపోతే ఆట చెడుతుంది. అందుకని ఎమ్యులేటర్ ఈ పనులన్నిటినీ వరసగా, ఒకే దారంలో చేసుకుపోతుంది. నలుగురు కూలీలకు పంచడానికి వీలైన పని కాదు ఇది, ఒకే మనిషి చకచకా చేయాల్సిన పని. కంప్యూటర్ భాషలో చెప్పాలంటే, కోర్లు ఎన్నున్నాయన్నది కాదు, ఒక్కో కోర్ ఎంత వేగంగా పనిచేస్తుందన్నదే లెక్క.

షాపులో ఈ తేడా తెలిస్తే డబ్బు మిగులుతుంది. ఇంటెల్ 6వ తరం ఐ5-6500లో 4 కోర్లు, వేగం 3.2 గిగాహెర్ట్జ్, అవసరమైతే 3.6. అదే తరం ఐ3-6100లో రెండే కోర్లు, వేగం మాత్రం 3.7. ఐ5 అన్న పేరుకు షాపువాడు ఎక్కువ చెబుతాడు. పాత ఆర్కేడ్ ఆటలకు ఆ ఐ3 దీనికి ఏమీ తీసిపోదు. పేరు చివర ‘టీ’ ఉన్నవాటితో జాగ్రత్త. ఐ5-6500టీ కరెంటు తక్కువ తాగుతుంది, కానీ వేగం 2.5 నుంచి 3.1 దాకానే. అరచేతి మందం డబ్బాల్లో సాధారణంగా ఉండేవి ఈ రకమే. అలాగే ‘ఇదీ ఐ5 యే, అదీ 3 గిగాహెర్ట్జే’ అని 2వ తరం ఐ5-2400 అంటగట్టబోతే ఒప్పుకోకూడదు. ఒకే గిగాహెర్ట్జ్ దగ్గర కూడా కొత్త తరం ఎక్కువ పని చేస్తుంది. 4వ తరం కనీసంగా, 6వ తరం లక్ష్యంగా పెట్టుకుంటే సరిపోతుంది. 8వ తరం అదే ధరకు దొరికితే తప్ప దాని కోసం వెతకనక్కర్లేదు.

6వ తరానికే ఓటు వేయడానికి ఇంకో కారణం ఉంది. మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం నుంచే ఎక్కుతుంది. దాంతో బ్యాంకులు, ఆఫీసులు, కాలేజీ ల్యాబులు 6, 7 తరాల డెస్క్‌టాప్‌లను లాట్ల కింద వదిలించుకోవాల్సి వస్తోంది. ఆఫీసుకు పనికిరాకపోవడానికి కారణమైన ఆ విండోస్ మనకు అక్కర్లేదు. బటోసెరా లాంటి లైనక్స్ ఆధారిత వ్యవస్థ నేరుగా పెన్‌డ్రైవ్ నుంచి లేస్తుంది, ఆన్ చేయగానే ఆటల మెనూ చూపిస్తుంది. ఏలూరు రోడ్డు, గవర్నర్‌పేట షాపుల్లో గానీ, గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో గానీ ‘రీఫర్బిష్డ్ డెస్క్‌టాప్’ అని అడిగి చూడాలి. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ప్రోడెస్క్, లెనోవో థింక్‌సెంటర్ పేర్లు గుర్తుంచుకోవాలి. ఇక్కడ ధర కుదరకపోతే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల మార్కెట్ సీటీసీ ఎలాగూ ఉంది. కాకపోతే అక్కడ కొంటే, పాడైతే మళ్లీ రైలెక్కాలి. ఐదారు వందల తేడా అయితే ఊళ్లో షాపే నయం.

అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్ రాస్‌బెర్రీ పై సంగతి చాలామంది అడుగుతారు. చిన్న టేబుల్ మీది మెషీన్‌కు అది చక్కటి వస్తువే. కానీ అడాప్టర్, కార్డు, డబ్బా, ఫ్యాన్ అన్నీ కలుపుకుంటే పాత డెస్క్‌టాప్ ధర దగ్గరికి వస్తుంది, వేగం దానికన్నా తక్కువ. పైగా కరెంటు ఠక్కున పోతే మెమరీ కార్డులో ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది. నిలువెత్తు పెట్టెలో చోటుకు కొదవేమీ ఉండదు కాబట్టి ఇక్కడ డెస్క్‌టాప్‌దే పైచేయి.

గ్రాఫిక్స్ కార్డు? మొదటి రెండు తరాల ఆటలకు వద్దు. ప్రాసెసర్‌లోనే ఉన్న ఇంటెల్ గ్రాఫిక్స్ చాలు. పాత టీవీలా గీతలు, వంపు చూపించే షేడర్లలో బరువైనవి కావాలంటేనే కార్డు అవసరం పడుతుంది, తేలికవి ఇంటెల్ మీదే నడుస్తాయి. కొనక తప్పదనుకుంటే రెండు విషయాలు చూసుకోవాలి. సన్నటి ఆఫీసు డబ్బాల్లో సగం ఎత్తు కార్డే పడుతుంది. వాటి పవర్ సప్లై కూడా ఆ కంపెనీ సొంత తీరుది, బయట దొరికే మామూలు పవర్ సప్లై కనెక్టర్ చాలా మోడళ్లలో దానికి కుదరదు. కాబట్టి విడిగా పవర్ వైరు అడగని కార్డే తీసుకోవాలి. 30 వాట్ల జీటీ 1030 అలాంటిదే. అందులోనూ జీడీడీఆర్5 మెమరీ ఉన్న రకమే అడగాలి. అదే పేరుతో వచ్చిన డీడీఆర్4 రకం బాగా నెమ్మది.

ర్యామ్ 4 జీబీ చాలు, 8 ఉంటే నిశ్చింత. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, అందుకని 8 జీబీ వేసి ఉన్న డబ్బానే బేరమాడటం తెలివైన పని. ఒక్క 8 జీబీ కన్నా రెండు 4 జీబీలు ఉంటే ఇంటెల్ గ్రాఫిక్స్‌కు మేలు. స్టోరేజీకి 240 జీబీ ఎస్ఎస్‌డీ. పాత హార్డ్ డిస్క్ ఉచితంగా ఇచ్చినా అందులో ఆటలు పెట్టొద్దు. ఇద్దరు మనుషులు బటన్లు దబదబా బాదే పెట్టెలో తిరిగే డిస్కు ఎన్నాళ్లుంటుందో చెప్పలేం.

ఇక షాపులో పరీక్ష. ఇంటి దగ్గరే పెన్‌డ్రైవ్‌లో బటోసెరా ఎక్కించుకుని, జాబితాలో అన్నిటికన్నా బరువైన ఆట ఒకటి పెట్టుకుని వెళ్లాలి. ముందు పక్క మూత తీయించాలి. ఆఫీసు డబ్బాలకు స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు, గొళ్లెం లాగితే వచ్చేస్తుంది. ప్రాసెసర్ మీది ఫ్యాన్ రెక్కల మధ్య దుమ్ము దూదిలా అట్టకట్టి ఉంటే భయపడనక్కర్లేదు, అది శుభ్రం చేసుకోవచ్చు. బోర్డు మీద నిలబడి ఉండే గుండ్రటి కెపాసిటర్ల తల మాత్రం చూడాలి. చదునుగా ఉండాలి, ఉబ్బినా, మీద గోధుమరంగు మరక ఉన్నా ఆ డబ్బా వద్దు. తర్వాత పెన్‌డ్రైవ్‌తో లేపి, ‘మేమ్’లో ఆ ఆట తెరిచి కీబోర్డు మీద ఎఫ్11 నొక్కాలి. తెర పైన వేగం శాతంలో కనిపిస్తుంది. మామూలుగా 100 దగ్గర నిలబడుతుంది. ఎఫ్10 నొక్కితే కళ్లెం వదిలినట్టు ఆట పరిగెడుతుంది, అప్పుడు కనిపించే అంకె ఆ కంప్యూటర్ అసలు సత్తా. అది 200 దాటితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. 130 దగ్గర ఊగిసలాడుతుంటే తెర మీద పదిమంది శత్రువులు మూగినప్పుడు ఆట తడబడుతుంది. ఇదంతా పది నిమిషాల పని. దీనికి ఒప్పుకోని షాపులో పాత కంప్యూటర్ కొనకపోవడమే మంచిది.

తెర విషయంలో చాలామంది చేతులారా నష్టపోతారు. పాత ఆర్కేడ్ బొమ్మ 4:3 కొలతలో ఉంటుంది, దాదాపు చదరం. కొత్త వెడల్పు మానిటర్ మీద అది మధ్యలో ఇరుక్కుని, రెండు పక్కలా నల్లటి ఖాళీ మిగులుతుంది. లెక్క వేసి చూడండి. 21.5 అంగుళాల వెడల్పు మానిటర్ మీద ఆ బొమ్మ 35.7 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. బ్యాంకు కౌంటర్ల మీద కనిపించే పాత 19 అంగుళాల ‘స్క్వేర్’ మానిటర్ మీద 37.7 సెంటీమీటర్లు వస్తుంది. అంటే అంకెలో చిన్నదైన, ధరలో చౌకైన, ఎవరూ అడగని మానిటర్ మీదే బొమ్మ పెద్దది. ఈ స్క్వేర్ మానిటర్లు 1280×1024 చుక్కలవి. చాలా ఆర్కేడ్ ఆటల్లో 224 గీతలు ఉంటాయి. దాన్ని నాలుగింతలు చేస్తే 896, నిలువునా గీత చెదరకుండా 1024లో ఇమిడిపోతుంది.

ప్యాక్‌మ్యాన్, గాలగా, డాంకీ కాంగ్ మాత్రం తెర నిలువుగా పెట్టి ఆడే ఆటలు. ప్యాక్‌మ్యాన్ బొమ్మ 224×288. మానిటర్‌ను నిలబెడితే, నాలుగింతలు చేసిన 896×1152 బొమ్మ 1024×1280లో ఎంతో చక్కగా కూర్చుంటుంది. జాబితాలో నిలువు ఆటలే ఎక్కువైతే మానిటర్‌ను నిలువుగా బిగించడానికి వెనక వెసా మౌంట్ రంధ్రాలున్నాయో లేదో చూసుకుని తీసుకోవాలి. ఒక చిక్కు ఉంది. పాత స్క్వేర్ మానిటర్లలో చాలావాటి ప్యానెల్ టీఎన్ రకం. పడుకోబెట్టినప్పుడు కింది నుంచి చూస్తే బొమ్మ నల్లబడే గుణం దానికి ఉంది. నిలబెడితే ఆ నలుపు పక్కకు వస్తుంది. ఇద్దరు పక్కపక్కన నిలబడితే ఒకరికి రంగులు సరిగ్గా, ఇంకొకరికి వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. ఐపీఎస్ ప్యానెల్ ఉన్న స్క్వేర్ మానిటర్‌కు ఈ బాధ లేదు. డెల్ పీ1914ఎస్, పీ1917ఎస్ అలాంటివే. అవి కనిపిస్తే ఐదొందలు ఎక్కువైనా వదలకూడదు.

ఇంట్లో పడి ఉన్న ఎల్ఈడీ టీవీ వాడొచ్చు గానీ, గేమ్ మోడ్ తప్పనిసరి. లేకపోతే టీవీ బొమ్మకు మెరుగులు దిద్దే పనిలో పడి నొక్కిన గుద్దును ఆలస్యంగా చూపిస్తుంది. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ బొమ్మకు సాటి లేదన్నది నిజమే. దానికి 15 కిలోహెర్ట్జ్ సిగ్నల్ ఇచ్చే ప్రత్యేక ఏర్పాటు కావాలి. ట్యూబు దగ్గర 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్ తీశాక కూడా కొంత నిలవ ఉంటుంది. టీవీ మెకానిక్ పక్కన లేకుండా దాని మూత తీయొద్దు.

ఇప్పుడు చేతులు. ఒక సెకనులో 60 బొమ్మలు మారతాయి, ఒక్కో బొమ్మకు సుమారు 16.7 మిల్లీసెకన్లు. బటన్ నొక్కిన సంగతి కంప్యూటర్‌కు చేరేసరికి ఒకటి రెండు బొమ్మలు దాటిపోతే, స్ట్రీట్ ఫైటర్ ఆడిన చెయ్యి వెంటనే పసిగడుతుంది. ‘ఆట అదే గానీ, ఎందుకో పట్టు చిక్కడం లేదు’ అంటారు. ఈ తేడా ప్రాసెసర్ మార్చితే పోదు. ఆన్‌లైన్‌లో సెట్టుగా దొరికే స్టిక్కు, బటన్లతో పాటు, నొక్కుడును కంప్యూటర్‌కు చేరవేసే బోర్డు ఒకటి వస్తుంది. దాన్ని జీరో డిలే, అంటే ఆలస్యమే లేనిది అంటారు. పేరులో ఉన్నంత వేగం అందులో ఉండదు. ఒకే రకం బోర్డులు రెండు తగిలిస్తే కంప్యూటర్ వాటి మధ్య తికమకపడుతుంది, కొన్నిసార్లు ఆన్ చేసినప్పుడు మొదటి ఆటగాడు రెండోవాడైపోతాడు. అంతకన్నా మంచి దారి రాస్‌బెర్రీ పై పికో బోర్డు. అందులో జీపీ2040-సీఈ అనే ఉచిత ప్రోగ్రాం ఎక్కిస్తే ఒక మిల్లీసెకను లోపే నొక్కుడు అందుతుంది. ఒక్కో ఆటగాడికి ఒక పికో. ఖర్చులో పెద్ద తేడా ఉండదు, టంకం పెట్టే ఓపిక మాత్రం కావాలి.

స్టిక్కు కొనేటప్పుడు కింద మార్చుకోగల గేట్, అంటే స్టిక్కు ఏయే దిక్కులకు కదలాలో కట్టడి చేసే పలక, ఉందో లేదో అడగాలి. ప్యాక్‌మ్యాన్ నాలుగు దిక్కుల ఆట, స్ట్రీట్ ఫైటర్ ఎనిమిది దిక్కులది. ఎనిమిది దిక్కుల స్టిక్కుతో ప్యాక్‌మ్యాన్ ఆడితే మలుపు దగ్గర మూలకు తగిలి బొమ్మ ఆగిపోతుంది. జపాన్ తరహా బటన్లకు వైరు చివర తొడిగే లగ్గులు 2.8 మిల్లీమీటర్లవి, అమెరికా తరహా వాటికి 4.8 మిల్లీమీటర్లవి పడతాయి. ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే లగ్గులు, క్రింపింగ్ ప్లయర్ ఈ పనికీ పనికొస్తాయి. బటన్ల కాళ్లకు నేరుగా టంకం పెట్టొద్దు. ఎప్పుడో ఒకప్పుడు బటన్ మార్చాల్సి వస్తుంది.

స్పీకర్లకూ ఆటోనగరే. నాలుగు అంగుళాల కారు స్పీకర్ల జత, చిన్న ఆంప్లిఫయర్ బోర్డు, ఎల్ఈడీ బోర్డులవాళ్లు వాడే 12 వోల్టుల ఎస్ఎంపీఎస్ పవర్ సప్లై ఉంటే చాలు. పైన పేరు పలక వెనక వేసే ఎల్ఈడీ పట్టీకీ అదే ఎస్ఎంపీఎస్ సరిపోతుంది. ‘గుయ్య్’ మని హమ్మింగ్ వస్తుంటే ఆడియో వైరులో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెడితే చాలావరకు పోతుంది.

విడిభాగాలన్నీ కుదిరాక కూడా మన ఊళ్లలో ఒక పరీక్ష మిగిలే ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ బెజవాడకు కొత్త కాదు. ఆ వేడి గదిలో, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పెట్టెలో, తలుపు మూసి కంప్యూటర్ నడుస్తుంది. ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గరికి చేరితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. షాపులో 250 చూపించిన డబ్బా అప్పుడు తడబడుతుంది. అందుకే కొన్న రోజే, ప్రాసెసర్ మీద వేడి లాగడానికి పూసి ఎండిపోయిన పేస్టు గీకేసి కొత్తది వేయాలి. పెట్టె వెనక కింద గాలి లోపలికి వచ్చే దారి, పైన వేడి బయటికి పోయేలా 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉండాలి. రెండు దారులకూ సన్నటి జాలీ కొట్టించాలి. వెచ్చటి చీకటి పెట్టె అంటే బల్లులకు ఇష్టం, బోర్డు మీద అడ్డంగా పడిన బల్లి షార్ట్ సర్క్యూట్‌కు కారణమవుతుంది.

ఆఖరి పని బయాస్‌లో, అంటే కంప్యూటర్ లేచేటప్పుడు తెరుచుకోగల సెట్టింగుల పేజీలో. పెట్టెలో ఉన్న కంప్యూటర్ పవర్ బటన్‌ను ప్రతిసారీ తలుపు తీసి నొక్కడం కుదరదు. డెల్‌లో ‘ఏసీ రికవరీ’, హెచ్‌పీ, లెనోవోల్లో ‘ఆఫ్టర్ పవర్ లాస్’ అనే సెట్టింగ్ ఉంటుంది. దాన్ని ‘పవర్ ఆన్’కు మార్చితే గోడ స్విచ్ వేయగానే మెషీన్ లేస్తుంది. ఆపేటప్పుడు మాత్రం మెనూలోంచి షట్‌డౌన్ చేశాకే గోడ స్విచ్ ఆపాలి. ఈ సెట్టింగును గుర్తుపెట్టుకునేది బోర్డు మీది రూపాయి బిళ్ల లాంటి సీఆర్2032 బ్యాటరీ. ఏడెనిమిదేళ్ల డబ్బాలో అది అయిపోయి ఉండటం మామూలే. అయిపోతే గోడ స్విచ్ ఆపిన ప్రతిసారీ తేదీ, సెట్టింగులు చెరిగిపోతాయి. కొన్ని మోడళ్లు ‘ఎఫ్1 నొక్కండి’ అని తెర మీద చూపించి అక్కడే ఆగిపోతాయి, పెట్టెకు కీబోర్డు ఉండదు. కాబట్టి మూత బిగించే ముందు కొత్త బ్యాటరీ వేసి, సెట్టింగ్ మార్చి, ప్లగ్ పీకి ఒక రాత్రి వదిలేయాలి. తెల్లారి స్విచ్ వేసినప్పుడు నేరుగా ఆటల మెనూ వస్తే, అప్పుడు కార్పెంటర్‌ను వెనక తలుపు బిగించమనొచ్చు.